గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ రోగులకు అండగా నిలవాలనుకుంటే

క్యాన్సర్ రోగులకు ఏదైనా చేద్దామని నలుగురు కూడితే ముందుగా గుర్తొచ్చేవి పండ్లు, రొట్టెలు, దుప్పట్లు. వాటిని తప్పు పట్టనక్కర్లేదు. కానీ మాచర్ల నుంచో రేపల్లె నుంచో జీజీహెచ్‌కు, అంటే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి, వచ్చిన మనిషికి వైద్యం మధ్యలో ఆగిపోయేది పండ్లు లేక కాదు, తర్వాతి వాయిదాకు రాలేక. ఒకరికి చార్జీలు ఉండవు. ఇంకొకరికి తోడు వచ్చేవాళ్లు మిరప కోతలకు పోతారు. మరొకరిని రక్తం తక్కువుందని వెనక్కి పంపుతారు, ఆయన మళ్లీ రాడు. జీజీహెచ్‌లో క్యాన్సర్ విభాగం భవనాన్ని నాట్కో ట్రస్టు కట్టించి ఇచ్చింది. అంత పెద్ద పని అందరి వల్లా కాదు. వాయిదా తప్పకుండా రోగిని ఆ గుమ్మం దాకా తీసుకురావడం మాత్రం పదిమంది ఉన్న చిన్న బృందం వల్ల కూడా అవుతుంది.

వాయిదా ఎందుకంత ముఖ్యమో బృందంలో అందరికీ తెలియాలి. కీమో చాలా రకాల్లో 21 రోజులకోసారి ఎక్కిస్తారు. జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చాలామందికి వారానికి 5 రోజుల చొప్పున 5 నుంచి 7 వారాలు సాగుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు, నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ అనుకున్న గడువు దాటి సాగితే, సాగిన ఒక్కో రోజుకు గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుంది. పండక్కని ఊరెళ్లి పది రోజులు ఆగిపోతే ఎంత నష్టమో ఇంట్లోవాళ్లకు ఈ లెక్కతోనే చెప్పండి, అర్థమవుతుంది.

ముందు ఒక రిజిస్టర్

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఒక్కో రోగికి ఒక పేజీ. ఊరు, ఓపీ నంబరు, రెండు ఫోన్ నంబర్లు (ఒకటి రోగి ఇంట్లోది, ఇంకొకటి పక్కింటివాళ్లదో ఆశా కార్యకర్తదో), బ్లడ్ గ్రూపు, తర్వాతి వాయిదా తేదీ రాయాలి. తేదీ పెన్సిలుతో రాయండి, మారుతూ ఉంటుంది. వాయిదాకు రెండు రోజుల ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగాలి. రక్తపరీక్ష చేయించారా? జ్వరం, విరేచనాలు ఏమైనా ఉన్నాయా? తోడు ఎవరొస్తున్నారు? చార్జీలున్నాయా? రెండు రోజుల ముందు ఎందుకంటే, హిమోగ్లోబిన్ తగ్గిందని తెలిసినా, తోడు దొరకలేదన్నా సర్దుబాటు చేయడానికి అంత వ్యవధి కావాలి. వాయిదా రోజు మధ్యాహ్నానికి రాకపోతే అదే రోజు మళ్లీ ఫోన్ చేయండి. వారం ఆగితే ఆ కుటుంబం మనసు నాటుమందు వైపు మళ్లి ఉంటుంది.

ఫోన్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో రోగికి ‘గడ్డ’ అనే చెప్పి ఉంటారు. ఫోన్ ఎత్తింది ఎవరో తెలియకుండా ‘క్యాన్సర్ వార్డు నుంచి’ అనకండి. ‘పెద్దాసుపత్రి నుంచి అమ్మా, గురువారం రావాలని గుర్తుచేద్దామని’ అంటే చాలు.

కాగితాలు

ఎన్టీఆర్ వైద్యసేవ కింద అనుమతి రావాలంటే కాగితాలన్నీ ఒకచోట ఉండాలి. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి ఇచ్చి, అందులో ఆధార్, రైస్ కార్డు, ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు, స్కాన్ సీడీ, పాత డిశ్చార్జి కాగితాలు పెట్టించండి. ఒక్కోదానికి రెండు జిరాక్సులు. ముక్క పరీక్ష బయట ల్యాబులో చేయించి ఉంటే రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ఆ ముక్కను భద్రపరిచిన స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోమనండి. అవి లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు తేడా. ఆధార్‌లో ఒక రకంగా, రైస్ కార్డులో మరో రకంగా ఉంటుంది. కొడుకు కార్డు వేరు చేయించుకున్నప్పుడు తల్లి పేరు ఎక్కడా లేకుండా పోయిన సందర్భాలూ ఉంటాయి. ఇది గ్రామ, వార్డు సచివాలయంలో సరిచేయించాల్సిన పని. అడ్మిషన్ నాటికి బయటపడితే రోజులు పోతాయి, కాబట్టి మొదటి ఓపీ రోజునే కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. సందేహం వస్తే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. పథకంలో లేని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ అసలు బిల్లులు ఇవ్వాలి, కాబట్టి ఇచ్చేముందే జిరాక్సు తీసి ఫైల్లో ఉంచండి.

రాకపోకలు, బస

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అందుకని మీ దగ్గరున్న చార్జీల డబ్బు ముందు మగ రోగులకు, మగ తోడుకు కేటాయించండి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో నూరు శాతం రాయితీ, తోడు వచ్చే ఒకరికి 75 శాతం. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం తీసుకుని స్టేషన్ కౌంటర్లోనే టికెట్ కొనాలి. వినుకొండ, పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఖాళీ ఫారాలు పది ఎప్పుడూ మీ సంచిలో ఉండాలి.

రోజూ కరెంటు పెట్టించుకోవాల్సిన మనిషి రోజూ వంద కిలోమీటర్లు తిరగలేడు. ఆరు వారాలకు ఆసుపత్రికి ఆటో దూరంలో ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరు రోగులను, వాళ్ల తోడును ఉంచడం, చిల్లర సాయాలు పది చేయడం కంటే మేలు. గది కింది అంతస్తులో ఉండాలి. మరుగుదొడ్డి లోపలే ఉండాలి. కిటికీలకు దోమతెర ఉండాలి.

తిండి

ఇక్కడ మంచి మనసుతోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. నోరు, గొంతుకు కరెంటు పెట్టించుకుంటున్నవాళ్లకు రెండో మూడో వారానికి నోరంతా పుండవుతుంది. పులిహోర పొట్లం ఇస్తే కళ్లనీళ్లు పెట్టుకుని పక్కన పెడతారు. కీమో ఎక్కినవాళ్లకు తెల్లకణాలు తగ్గి ఉంటాయి, కోసి ఉంచిన పండ్లు, పచ్చి కీరా ముక్కలు, నిన్నటి అన్నం వాళ్లకు ప్రమాదం. పండు ఇవ్వాలంటే తొక్క ఒలుచుకుని తినే అరటి, కమలా ఇవ్వండి.

వాళ్లకు కావలసింది మాంసకృత్తులు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. కోడిగుడ్డులో 6 గ్రాములే ఉంటాయి కాబట్టి ఒక్క గుడ్డుతో పని జరగదు. మెత్తగా ఉడికించిన పెసరపప్పు అన్నం, పూర్తిగా ఉడికిన గుడ్డు, పెరుగన్నం, పాలు కలిపిన రాగిజావ తిప్పి తిప్పి పెట్టండి. జావకు రెండు పెద్ద చెంచాల రాగిపిండి చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్లలో పోసి, ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. దించాక గ్లాసు కాచిన పాలు, మూడు చెంచాల పాలపొడి. చక్కెర జబ్బు ఉంటే బెల్లం వేయొద్దు.

ముక్కు పైపు ఉన్నవాళ్లకు అదే జావను పలుచని గుడ్డలో వడకట్టాలి. వడకట్టని జావ, సరిగా నూరని మాత్రల పొడి, ఈ రెండే పైపు పూడుకుపోవడానికి అసలు కారణాలు. రోగిని కూర్చోబెట్టి, లేదా తలవైపు బాగా ఎత్తు పెట్టి, సిరంజి గొట్టంలో పోసి దానంతట అది దిగనివ్వాలి, నొక్కి ఎక్కించకూడదు. ఒక విడతకు 200 నుంచి 250 మిల్లీలీటర్లు, రెండు మూడు గంటలకోసారి. పోసే ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. అరగంట దాకా పడుకోబెట్టొద్దు. నోటి పుండ్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించమనండి. తోడు వచ్చినవాళ్ల భోజనానికి 5 రూపాయల అన్న క్యాంటీన్ ఉంది, మీ వంట రోగులకే ఉంచండి.

థర్మామీటర్

ఒక్క వస్తువే ఇవ్వగలిగితే డిజిటల్ థర్మామీటర్ ఇవ్వండి. కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి బయల్దేరాలి. జ్వరం మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రతో జ్వరం తగ్గినట్టుంటుంది, లోపల ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. చంకలో పెడితే కొంత తక్కువ చూపిస్తుందనీ చెప్పండి. 100.4 అంకెను ఎర్ర సిరాతో థర్మామీటర్ డబ్బా మీదే రాసివ్వండి.

రక్తం

ఏడాదికోసారి పెద్ద శిబిరం పెట్టి రెండు వందల యూనిట్లు తీయడం కంటే, పిలిస్తే వచ్చే నలభై మంది జాబితా ఈ రోగులకు ఎక్కువ మేలు చేస్తుంది. ప్లేట్‌లెట్లు 5 రోజులే నిల్వ ఉంటాయి. శిబిరం రోజు మిగిలినవి రెండో వారంలో అవసరపడ్డ మనిషికి అందవు. దాతకు 18 ఏళ్లు నిండాలి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వొచ్చు. జాబితాలో ప్రతి పేరు పక్కన చివరిసారి ఇచ్చిన తేదీ లేకపోతే ఆ జాబితా పనికిరాదు.

వస్తువులు, డబ్బు

నూలు తలగుడ్డలు ముందే ఇవ్వండి. జుట్టు మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాల్లో రాలుతుంది. ఆపరేషన్‌లో పొట్ట మీద పెట్టిన రంధ్రానికి అతికించే మలసంచీలు కొలత తెలుసుకోకుండా పెద్దమొత్తంలో కొనొద్దు. రంధ్రం చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉంటే మలం తగిలి చర్మం ఒరిసిపోతుంది. ఇళ్లలో మిగిలిపోయిన కీమో మాత్రలు, మార్ఫిన్ ఎవరైనా దానమిస్తామన్నా తీసుకోకండి.

వార్డులో అడుగుపెట్టేముందు సూపరింటెండెంట్ దగ్గర రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆసుపత్రికి ఇచ్చే యంత్రాలు, విరాళాలు ఆసుపత్రి అభివృద్ధి సంఘం ద్వారా వెళ్లాలి. ట్రస్టుకు 80జీ (దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు) ఉన్నా 2,000 రూపాయలు దాటిన నగదుకు దాతకు పన్ను మినహాయింపు రాదు. మన జిల్లాలో ప్రతి వీధికీ అమెరికాలో ఒక బంధువు ఉంటాడు కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోవాలి: భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇచ్చేది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేకుండా తీసుకుంటే ట్రస్టే ఇరుక్కుంటుంది.

రోగి చేతిలో పండు పెట్టి ఫొటో తీయొద్దు. దాతలకు లెక్క చూపాలంటే పేర్లు కొట్టేసిన రిజిస్టర్ పేజీ చూపండి.

ఇక వైద్యం చేయలేమని డాక్టర్లు చెప్పి పంపినవాళ్ల పేజీ మూసేయకండి. వాళ్లకు వాయిదా ఉండదు కాబట్టి ఎవరూ ఫోన్ చేయరు. నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఉంటుంది, గంటల ప్రకారం వేసుకోవాలి, దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పదు. పుండు వాసనకు డాక్టరును అడిగితే మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లమంటారు. వాసన తగ్గితే మనవలు మళ్లీ మంచం దగ్గరికి వస్తారు. ఈ రోగుల ఇళ్లకు వారానికోసారి ఫోన్ చేసే బాధ్యత బృందంలో ఒకరి పేరు మీద రాసిపెట్టండి.