నానోట్యూబ్ కలిపిన సిరామిక్ అరుగుదలను కొలవడం ఎలా

మాది ఆకివీడు దగ్గర ఊరు. నాన్నకు రొయ్యల చెరువులు. సీజన్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ వస్తుంది: "సీలు పోయిందమ్మా, మోటారు కింద నీళ్ళు కారుతున్నాయి." విప్పి చూస్తే రెండు రింగులు ఉంటాయి. ఒకటి నల్లటి కార్బన్, ఇంకోటి తెల్లటి సిరామిక్, అంటే అల్యూమినా. ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతూ నీళ్ళు బయటికి రాకుండా ఆపుతాయి. సన్నటి ఒండ్రు మధ్యలోకి దూరిందంటే రెండింటినీ గీరేస్తుంది. ఆ తెల్ల రింగులోనే కార్బన్‌ను నానోట్యూబ్‌ల రూపంలో, అంటే కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాలుగా, కలిపేస్తే ఎలా ఉంటుంది? ఆ ప్రశ్నతోనే భీమవరంలో నా ఎం.టెక్. ప్రాజెక్టు మొదలైంది. ఇప్పుడు ల్యాబ్‌లో జూనియర్ల చేత అదే పని చేయిస్తున్నాను. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పొడి సంగతి. పరీక్షకు రింగు బదులు చిన్న బిళ్ళ చేస్తాం. 20 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం ఉన్న బిళ్ళకు దాదాపు 6 గ్రాముల పొడి కావాలి. బరువులో 1 శాతం నానోట్యూబ్‌లంటే 60 మిల్లీగ్రాములే. కాటుకలా తేలిగ్గా ఉంటాయి, ఊదితే లేచిపోతాయి. అందుకే తూకం దగ్గర ఫ్యాన్ ఆపండి, ఎంత ఉక్కపోసినా సరే. ఎన్95 మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి. ఒక రకం బహుళపొరల నానోట్యూబ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2014లో చేర్చారు. తూచిన వెంటనే ఇథనాల్‌లో వేసేస్తే గాల్లోకి లేవవు.

ఈ ట్యూబ్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. ఇథనాల్‌లో ఉంచి, అల్ట్రాసోనిక్ బాత్‌లో (శబ్ద తరంగాలతో అదిరించే తొట్టెలో) పెట్టి విడదీసి, తర్వాత అల్యూమినా పొడి వేసి, అల్యూమినా గుండ్లతోనే బాల్‌మిల్ చేయండి, అంటే డబ్బాలో గుండ్లతో కలిపి తిప్పండి. మరీ ఎక్కువసేపు తిప్పితే ట్యూబ్‌లు ముక్కలైపోతాయి. ఆరబెట్టేటప్పుడు కలుపుతూనే ఉండాలి. వదిలేస్తే బరువైన అల్యూమినా అడుక్కి చేరి, నల్లటి తెట్టు పైన మిగులుతుంది.

గాలిలో 500, 600 డిగ్రీలు దాటితే నానోట్యూబ్‌లు కాలిపోతాయి. కాబట్టి మామూలు ఫర్నేస్ పనికిరాదు. వాక్యూమ్‌లోనో ఆర్గాన్‌లోనో కాల్చాలి. స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ (అచ్చులో నొక్కుతూ కరెంటుతో వేగంగా వేడిచేసే పద్ధతి) అయితే మేలు. 1400 డిగ్రీల దగ్గర, 50 మెగాపాస్కల్ ఒత్తిడిలో కొద్ది నిమిషాల్లో బిళ్ళ గట్టిపడుతుంది. అలాంటి మెషీన్ కోసం మేం హైదరాబాద్ వెళ్తాం. బిళ్ళ నల్లగా వచ్చిందని ట్యూబ్‌లు బతికాయనుకోకండి. గ్రాఫైట్ అచ్చు వల్ల మామూలు అల్యూమినా కూడా నల్లబడగలదు. లేజర్ వెలుగుతో పదార్థాన్ని గుర్తుపట్టే రామన్ పరీక్షలో 1350, 1580 దగ్గర కార్బన్‌వి రెండు శిఖరాలు చూసి, మొదట్లో తీసిన పొడి గ్రాఫ్‌తో పోల్చండి.

సాంద్రత ఆర్కిమెడిస్ పద్ధతిలో, అంటే గాలిలోనూ నీళ్ళలోనూ తూచి, కొలవండి. లోపల ఖాళీల్లేని పూర్తి సాంద్రత అంటే మామూలు అల్యూమినాకుండే 3.98 (ఘన సెం.మీ.కు గ్రాములు) కాదు. ట్యూబ్ సాంద్రత 2.1గా తీసుకుంటే, 1 శాతం కలిపిన బిళ్ళకు అది 3.94. పోలికకు పెట్టే మామూలు అల్యూమినా కూడా అంతే గట్టిగా కుదురుకుని ఉండాలి, దాని గ్రెయిన్ (లోపలి స్ఫటిక రేణువు) సైజు కూడా దగ్గరగా ఉండాలి. నానోట్యూబ్‌లు గ్రెయిన్లను పెరగనివ్వవు, సన్న గ్రెయిన్ల అల్యూమినా మామూలుగానే తక్కువ అరుగుతుంది. ఇది చూసుకోకపోతే ఏది దేని పుణ్యమో చెప్పలేరు.

ఇక అసలు పరీక్ష. డైమండ్ పేస్ట్‌తో 1 మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) దాకా పాలిష్ చేసి, అసిటోన్‌లో కడిగి ఆరబెట్టండి. పిన్-ఆన్-డిస్క్ మెషీన్‌లో తిరిగే బిళ్ళ మీద ఒక బాల్ నొక్కుకుని గుండ్రటి గాడి చేస్తుంది. దానికి 6 మి.మీ. అల్యూమినా బాల్, 10 న్యూటన్ల లోడు, గాడికి 5 మి.మీ. వ్యాసార్థం, సెకనుకు 0.1 మీటరు వేగం పెడతాం. అంటే నిమిషానికి 191 చుట్లు. 1000 మీటర్లు నడవడానికి 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పరుగు వదిలేయండి. ఆగిన చోట రాపిడికి ఏర్పడిన పొర, రాలిన పొడి చెదిరిపోతాయి, మళ్ళీ మొదలుపెడితే అది వేరే పరీక్ష. యూపీఎస్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

బరువు తగ్గుదలతో అరుగుదల లెక్కిస్తామని చాలామంది అంటారు. ఒకసారి లెక్క వేద్దాం. అరుగుదల రేటు ఒక న్యూటన్ లోడుతో ఒక మీటరుకు ఘన మి.మీ.లో 10 లక్షల వంతు అనుకుంటే, ఈ పరుగులో పోయేది 0.01 ఘన మి.మీ., అంటే 0.04 మిల్లీగ్రాములు. 0.1 మిల్లీగ్రాము దాకా చూపే మన తూకానికి అది కనబడదు. అందుకని ఉపరితలం ఎత్తుపల్లాలు కొలిచే ప్రొఫైలోమీటర్‌తో గాడి అడ్డుకోత వైశాల్యం నాలుగు చోట్ల తీసి, సగటును గాడి చుట్టుకొలత 31.4 మి.మీ.తో గుణించండి. వచ్చిన ఘనపరిమాణాన్ని లోడుతో, దూరంతో భాగించండి. గాడి అర మి.మీ. వెడల్పుంటే లోతు 1 మైక్రాన్ దాకానే ఉంటుంది. పాలిష్ సరిగా లేకపోతే గాడి ఎక్కడుందో కూడా తెలియదు. బాల్ మీద అరిగిన మచ్చ కూడా కొలవాలి.

నన్ను బాగా దెబ్బతీసింది తేమ. మామూలు అల్యూమినాను మే నెల వడగాలి రోజుల్లో, నానోట్యూబ్ బిళ్ళను ఆగస్టు వానల్లో పరీక్షించాను. ఘర్షణ గుణకం బాగా తగ్గింది. ఎంత సంబరపడ్డానో! అనుమానం వచ్చి మామూలు అల్యూమినాను కూడా ఆగస్టులో తిప్పితే, దానికీ తగ్గింది. తేమలో అల్యూమినా మీద పల్చటి హైడ్రాక్సైడ్ పొర ఏర్పడి రాపిడి తగ్గుతుంది. నేను కొలిచిన తేడాలో చాలా భాగం మా డెల్టా గాలిదే. మూడు నెలల పని మళ్ళీ చేశాను.

ఇప్పుడు మెషీన్ చుట్టూ యాక్రిలిక్ పెట్టె పెట్టాం. లోపల ఒక ట్రేలో మామూలు ఉప్పును అడుగున గింజలు మిగిలేలా నీళ్ళలో కలిపి ఉంచితే, తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌తో అయితే 33 శాతం దగ్గర. రెండు తేమల్లోనూ, రెండు రకాల బిళ్ళలూ, ఒక్కోటి మూడు పరుగులు. ఫ్యాన్ గాలి కూడా తగలదు కాబట్టి రాలిన పొడి గాడిలోనే ఉంటుంది.

ఘర్షణ గ్రాఫ్‌లో మొదటి ఎగుడుదిగుళ్ళు వదిలేసి, నిలకడగా ఉన్న భాగం సగటు తీసుకోండి. తర్వాత గాడిని మైక్రోస్కోప్‌లో చూడండి. నలిగిన ట్యూబ్‌ల కార్బన్ నల్లటి పొరలా పరుచుకుని ఉంటే ఘర్షణ తగ్గడానికి కారణం దొరికినట్టే. గ్రెయిన్లు ఊడిపోయిన గుంతలు కనిపిస్తే ట్యూబ్‌లు ఉండలు కట్టాయని అనుమానించండి. ఘర్షణ తగ్గి, అరుగుదల పెరిగిన బిళ్ళలూ వస్తాయి. ట్యూబ్‌లు ఎక్కువ పోసినప్పుడు ముఖ్యంగా. రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి.

ఒండ్రు కలిసిన చెరువు నీళ్ళతో పరీక్ష ఇదంతా కుదిరాకే. నాన్న తీసి పారేసిన తెల్ల రింగులు డబ్బాలో దాచాను, ఏ చెరువు మోటారుదో, ఎన్నాళ్ళు తిరిగిందో రాసి. ముందు వాటి మీది గీతల వెడల్పు కొలవండి. మీ ఒండ్రు పరీక్షలో గీతలు కూడా అలాగే వస్తున్నాయో లేదో పోల్చుకోవడానికి అవే ఆధారం.