పొడవాటి ఇంగ్లీషు మాటలు – మూడో పాఠం: నోటికో విరుపు, అర్థానికో విరుపు

పోయిన పాఠంలో మాటను పలుకులుగా విడగొట్టడం నేర్చుకున్నాం. రాతలో ఎన్ని అచ్చులున్నా సరే, చెవికి వినిపించే అచ్చులనే లెక్కపెట్టాలి. ఆ లెక్కన హెలికాప్టర్‌కు నాలుగు పలుకులు: హె–లి–కాప్–టర్. పలకడానికి ఇది చాలు.

అర్థం కోసం విరిస్తే వేరే చోట విరుగుతుంది. హెలి ఒకటి, కాప్టర్ ఒకటి అని చాలామంది అనుకుంటారు. కానీ గ్రీకు ముక్కలతో ఫ్రాన్స్‌లో 1861లో కట్టిన ఈ మాటలో మొదటి ముక్క హెలికో, అంటే మెలి తిరిగినది. రెండోది ప్టెర్, అంటే రెక్క. ఆ 'ప్' పలకడంలో ముందు ముక్కకు, అర్థంలో వెనక ముక్కకు చెందుతుంది. ఇంగ్లీషువాళ్లు కూడా తప్పు చోటే విరిచారు. హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ అలా పుట్టినవే. ఇప్పుడవి పక్కా మాటలే అనుకోండి.

ఇదంతా తెలిసి ఏం లాభం అంటారా? స్పెల్లింగ్! డిసపియర్‌లో ఎస్ ఒకటా, రెండా అని పరీక్షలో ఎంత టెన్షన్ పడతామో! నోటితో విరిస్తే డి–స–పియర్. దీన్నిబట్టి ఏమీ తేలదు. అర్థంతో విరవండి: డిస్, అపియర్. డిస్‌కు ఒక ఎస్, అపియర్‌కు రెండు పీలు. అంతే. డిసపాయింట్ కూడా ఇంతే. డిస్‌శాటిస్‌ఫైడ్‌లో మాత్రం డిస్ తర్వాత శాటిస్‌ఫైడ్ కూడా ఎస్‌తోనే మొదలవుతుంది కాబట్టి పక్కపక్కనే రెండు ఎస్‌లు వస్తాయి.

'కాదు' అనే అర్థమిచ్చే ఇన్ కాస్త తికమక పెడుతుంది. తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి మారిపోతుంది: ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. ఉత్, లేఖనం కలిసి ఉల్లేఖనం అయినట్టే ఇన్, లీగల్ కలిసి ఇల్లీగల్ అయింది. సంధి చదువుకున్న మనకు ఇది కొత్తేం కాదు. ఇల్లీగల్‌లో ఎల్ రెండుసార్లు ఎందుకు రాయాలో ఇక బట్టీ పట్టక్కర్లేదు.

ఇక ఊనిక. తెలుగులో అన్ని పలుకులనూ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్క పలుకు గట్టిగా పలుకుతుంది, మిగతావి నలిగిపోతాయి. ఆ పలుకేదో చివరి ముక్కే చాలాసార్లు చెప్పేస్తుంది. షన్, ఇక్, ఇటీ చివర ఉంటే ఊనిక సాధారణంగా వాటికి సరిగ్గా ముందున్న పలుకు మీద పడుతుంది. ఎడ్యుకేషన్‌లో 'కే' మీద, ఫొటోగ్రాఫిక్‌లో 'గ్రా' మీద. అరిథ్మెటిక్, పాలిటిక్స్ లాంటివి ఈ సూత్రానికి లొంగవు. వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఇర్రెస్పాన్సిబిలిటీని పట్టుకుందాం. అర్థంలో ముక్కలు ఇన్, రెస్పాన్స్, ఇబుల్, ఇటీ. ఇన్ మారి ఇర్ అయింది కనుక ఆర్ రెండుసార్లు రాయాలి. ఇటీ తగిలేసరికి ఇబుల్ కాస్తా ఇబిల్ అయింది. పలుకులు ఏడు, ఊనిక 'బి' మీద. ముందు మెల్లగా, తర్వాత వేగంగా పైకి చదవండి.

అభ్యాసానికి రెండు మాటలు: ఇమ్మొబిలిటీ, డిస్‌శాటిస్‌ఫాక్షన్. ఒక్కోదాన్ని రెండు రకాలుగానూ విరిచి, ఊనిక ఉన్న పలుకు కింద గీత గీయండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఉంటాయి.