సంయోజక కణజాలపు స్లైడును గుర్తుపట్టడం ఎలా?

సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న విద్యార్థి మొదట కణాల కోసమే వెతుకుతాడు. అవయవాల ఉపరితలాలను కప్పే ఉపకళా కణజాలం విషయంలో ఈ అలవాటు పనికివస్తుంది గాని, శరీర భాగాలను కలిపి, ఆధారమిచ్చే సంయోజక కణజాలం దగ్గర తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ సాధారణంగా కణాలు తక్కువ, వాటి నడుమ ఉండే పదార్థం ఎక్కువ. మాత్రిక అనే ఈ పదార్థంలో తంతువులూ, వాటి చుట్టూ నిండి ఉండే ఆధార పదార్థమూ ఉంటాయి. ఎముక బరువు మోయడానికీ, కండరాన్ని ఎముకతో కలిపే టెండాన్ లాగుడుకు తట్టుకోవడానికీ, రక్తం ప్రవహించడానికీ ప్రధాన కారణం మాత్రికలోని తేడాయే. అందువల్ల స్లైడును 10 రెట్ల ఆబ్జెక్టివ్ (స్లైడుకు దగ్గరగా ఉండే కటకం) కింద పెట్టి, ముందుగా కణాల నడుమ ఏముందో చూడాలి.

హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు వేసిన స్లైడులో కేంద్రకాలు నీలి ఊదాగానూ, కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ తంతువులు గులాబీ రంగులోనూ కనిపిస్తాయి. సాగే గుణమున్న ఎలాస్టిక్ తంతువులూ, సన్నని వలలా అల్లుకునే రెటిక్యులార్ తంతువులూ ఈ రంగుల్లో సాధారణంగా స్పష్టపడవు. రెటిక్యులార్ తంతువులను చూపడానికి వెండి లవణాలు వాడతారు. కాబట్టి కనిపించలేదన్న కారణంతో ఆ తంతువులు లేవని రాయకూడదు.

మాత్రిక వదులుగా ఉండి, గులాబీ తంతువులు అన్ని దిక్కులకూ పోతూ, మధ్యలో ఖాళీలు కనిపిస్తే అది ఏరియోలార్ కణజాలం. ఇది చర్మం కిందా, రక్తనాళాల చుట్టూ ఉండి అవయవాల మధ్య సందులను నింపుతుంది. తంతువులను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు, వాపుకు దారితీసే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మాస్ట్ కణాలు ఇందులో ఉంటాయి. దెబ్బ తగిలినచోట వాపు వచ్చేది, రక్తనాళాల నుంచి ఊరిన ద్రవం ఈ ఆధార పదార్థంలో చేరడం వల్లనే.

తెల్లని గుండ్రని ఖాళీలు పక్కపక్కనే ఒత్తుకుని ఉంటే అది కొవ్వు కణజాలం. స్లైడు తయారీలో వాడే ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి గనుక మనకు మిగిలేది ఖాళీ గూడు మాత్రమే. కేంద్రకం అంచుకు నెట్టుకుపోయి, కణం రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది.

అసలు చిక్కు టెండాన్ దగ్గర వస్తుంది. ఈ కణజాలంలో కొల్లాజెన్ కట్టలు ఒకే దిశలో, దగ్గరదగ్గరగా ఉంటాయి. నిడివి కోతలో ఇది చూడడానికి పేగుల గోడల్లో ఉండే నునుపు కండరంలాగే ఉంటుంది. తేడా తెలియాలంటే ఆబ్జెక్టివ్‌ను 40 రెట్లకు మార్చి ఒక్క కేంద్రకం మీద దృష్టి నిలపాలి. దాని చుట్టూ గులాబీ రంగు కణద్రవ్యం ఉండి, కేంద్రకం కణం లోపల ఉన్నట్టు తెలిస్తే అది కండరం. కేంద్రకం సన్నగా, ముదురుగా, రెండు తంతువుల కట్టల మధ్య ఇరుక్కుని ఉండి, అలాంటివి వరుసలుగా కనిపిస్తే అది టెండాన్. నా అభిప్రాయంలో పరీక్షలో మార్కులు ఎక్కువగా పోయేది ఈ ఒక్క పోలిక దగ్గరే. ఎముకను ఎముకతో కలిపే లిగమెంటు కూడా ఇదే తరహాది, కాకపోతే తంతువుల అమరిక అంత క్రమంగా ఉండదు. చర్మపు లోపలి పొరలో మాత్రం దట్టమైన కట్టలు అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి. అక్కడ లాగుడు అన్ని వైపుల నుంచీ వస్తుంది కదా.

మాత్రిక గాజుపలకలా నునుపుగా, కొంచెం నీలంగా ఉండి, లిక్విణులనే గూళ్ళలో కణాలు రెండేసి నాలుగేసిగా గుంపు కట్టి ఉంటే అది కాచాభ (గాజులాంటి) మృదులాస్థి, అంటే కార్టిలేజ్. ఇందులోనూ కొల్లాజెన్ ఉంది. అయితే ఆ తంతువులు చాలా సన్ననివి, పైగా ఆధార పదార్థంలో కలిసిపోయి విడిగా కనబడవు. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు, పోషకాలు విసరణ ద్వారానే కణాలకు చేరాలి. గాయం త్వరగా మానకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. చెవి డొప్పలో ఎలాస్టిక్ తంతువులున్న రకమూ, వెన్నుపూసల మధ్య పలకల్లో కొల్లాజెన్ కట్టలు బాగా కనిపించే రకమూ ఉంటాయి.

ఎముక అడ్డుకోత చూడగానే పోల్చుకోవచ్చు: నడుమ రక్తనాళాలు పోయే హేవర్షియన్ కుల్య (సన్నని కాలువ), దాని చుట్టూ ఉల్లిపొరల్లాంటి వలయాలు, వలయాల మధ్య లిక్విణులు, వాటిని కలిపే వెంట్రుకల్లాంటి సూక్ష్మకుల్యలు. అరగదీసి చేసిన స్లైడులో లిక్విణులు నల్లగా కనిపిస్తాయి. అవి కణాలు కావు, కణాలు పోయిన గూళ్ళు. ఎముక మాత్రికలోని రెండు భాగాలను విడదీసి చూడాలంటే ఒక చిన్న ఎముకను పలుచని ఆమ్లంలో కొన్ని రోజులు నానబెట్టాలి. కాల్షియం లవణాలు కరిగిపోయి కొల్లాజెన్ మిగలడంతో అది రబ్బరులా వంగుతుంది. దీనికి మారుగా బాగా కాల్చిన ఎముకలో కొల్లాజెన్ నశించి లవణాలే మిగులుతాయి గనుక, వేలితో నొక్కితే పెళుసుగా విరిగిపోతుంది.

రక్తాన్ని ఈ జాబితాలో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. దాని మాత్రిక ప్లాస్మా, అంటే రక్త పరిమాణంలో సుమారు 55 శాతం. తంతువులు మామూలుగా కనిపించవు. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్, ఫైబ్రిన్ దారాలుగా మారుతుంది. ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 7.5 మైక్రోమీటర్లు గనుక, ఏ కణజాలపు స్లైడులోనైనా ఒక రక్తనాళంలో అది దొరికితే, పక్కనున్న కణాల పరిమాణాన్ని దానితో పోల్చి అంచనా వేసుకోవచ్చు.