రెడీమేడ్ బట్టల సైజులు – మూడో పాఠం: లేబుల్ మీది అంకె దేని కొలత?

పోయిన పాఠంలో ఒంటి కొలతలు తీసుకున్నాం. ఛాతీ, నడుము, హిప్, భుజం, చేతి పొడవు కాగితం మీద రాసుకునే ఉంటారు. ఈరోజు దానితోనే పని, దగ్గర పెట్టుకోండి. టేపుతో పాటు, మీకు బాగా కుదిరిన చొక్కా కూడా ఒకటి తీసి పెట్టుకోండి.

లేబుల్ మీద 40 అని ఉందనుకుందాం. అది దేని కొలత? ఛాతీ అయితే అంగుళాల లెక్క. చొక్కాల మీద కాలర్ కొలత వేసేవాళ్లూ ఉన్నారు, అప్పుడది సెంటీమీటర్ల లెక్క, అంటే దాదాపు 15.7 అంగుళాలు. సరే, ఛాతీయే అనుకుందాం. మరి 40 ఉండేది మనిషి ఛాతీయా, చొక్కా చుట్టుకొలతా? ఈ ప్రశ్న వేసుకోకుండా కొనడం వల్లే చాలామందికి సైజు తప్పుతుంది.

ఒంటి కొలత కన్నా బట్ట కొలత ఎంత ఎక్కువ ఉందో దాన్ని టైలర్లు లూజు అంటారు. ఊపిరి పీల్చుకోవాలన్నా, చేయి పైకెత్తాలన్నా, వంగి చెప్పులు తొడుక్కోవాలన్నా ఆ లూజు ఉండాల్సిందే. సాగని బట్టతో కుట్టిన మామూలు చొక్కాకి ఛాతీ దగ్గర సుమారు మూడు నుంచి ఐదు అంగుళాలు వదులుతారు. స్లిమ్ ఫిట్‌లో అంతకన్నా తక్కువ. టీషర్టు బట్ట కొంచెం సాగుతుంది కాబట్టి దానికి ఇంత అక్కర్లేదు. ఇక లెగ్గింగ్స్‌ని ఒంటి కొలత కన్నా చిన్నగానే కుడతారు, వేసుకున్నాక సాగి పట్టుకుంటాయి.

ఇప్పుడు చొక్కా గుండీలన్నీ పెట్టి బల్ల మీద పరవండి. ముడతలు అరచేత్తో సర్దండి, బట్టను మాత్రం లాగొద్దు. చంక కుట్టుకి ఒక అంగుళం కిందుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి టేపు పెట్టండి. 21 అంగుళాలు వచ్చిందనుకోండి, చుట్టుకొలత 42. మీ ఛాతీ 38 అయితే మీ ఒంటికి హాయిగా ఉండే లూజు 4 అంగుళాలన్నమాట. దీన్ని కాగితం మీద పెద్దగా రాసుకోండి. అలాంటి బట్టతో కుట్టిన చొక్కా ఎవరు అమ్మినా మీకు కావాల్సింది 42 చుట్టుకొలత. లేబుల్ మీద మీడియం అని ఉందా, లార్జ్ అని ఉందా అన్నది తర్వాతి మాట.

సైజు చార్ట్ కూడా ఇలాగే చూడాలి. బాడీ మెజర్‌మెంట్ అని ఉంటే మీ 38తో పోల్చండి, గార్మెంట్ మెజర్‌మెంట్ అని ఉంటే 42తో పోల్చండి. ఏదీ రాయలేదా? 38–40 అని రెండంకెల మధ్య చూపిస్తే చాలావరకు ఒంటి కొలతే. పక్కన చొక్కా పొడవు కూడా ఇచ్చి ఉంటే బట్ట కొలత అయ్యే అవకాశం ఎక్కువ.

అందరూ ఒకే లెక్క పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ ప్రయత్నాలూ జరిగాయి. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ 1939–40లో దాదాపు 15,000 మంది ఆడవాళ్ల కొలతలు తీయించారు. 1958లో అక్కడ ఆడవాళ్ల బట్టలకు ఒక ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం 8 నంబరు అంటే నడుము 23.5 అంగుళాలు. కొనేవాళ్లకు చిన్న నంబరు పట్టిందంటే సంతోషం కాబట్టి, కంపెనీలు నంబరు అలాగే ఉంచి బట్టను పెంచుకుంటూ పోయాయి. 1983లో ఆ ప్రమాణాన్నే ఉపసంహరించారు. ఇవాళ్టి 8 నంబరు నడుము దానికన్నా చాలా పెద్దది. అందుకే పాత సైజు పట్టలేదనో, కొత్త చోట చిన్న సైజు పట్టిందనో మన ఒంటి మీద తీర్పు చెప్పుకోనక్కర్లేదు. మారింది వాళ్ల లెక్క.

ఇంకో కారణం తయారీలోనే ఉంది. మామూలుగా మధ్య సైజు ఒకటి మోడల్‌కి తొడిగి సరిచూస్తారు. మిగతా సైజులు దాన్నుంచి లెక్కకట్టి పెంచుతూ, తగ్గిస్తూ తీస్తారు. దీన్ని గ్రేడింగ్ అంటారు. ఛాతీ పెరిగితే భుజం, చేతి పొడవు కూడా పెరుగుతాయి. మనుషులు అలా పెరగరు కదా! మధ్య సైజుకి దూరమయ్యేకొద్దీ ఏదో ఒక చోట తేడా కొడుతుంది.

మరి దేన్ని పట్టుకోవాలి? నన్నడిగితే చొక్కాలో భుజాన్ని. పక్క కుట్లు లోపలికి వేసి బిగించడం టైలర్‌కి చిన్న పని, భుజం సరిచేయాలంటే చేయి మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి. ప్యాంటులో అయితే హిప్ సరిపోయేది తీసుకుని నడుము బిగించుకోవడం మేలు.

వచ్చే పాఠానికి ఈ పని చేసి ఉంచండి: బీరువాలో ఒకే సైజు లేబుల్ ఉన్న వేర్వేరు కంపెనీల చొక్కాలు రెండు తీసి, పైన చెప్పినట్టే కొలిచి, చుట్టుకొలత, భుజం పక్కపక్కన రాయండి. ఉతకనివి ఉంటే విడిగా గుర్తు పెట్టుకోండి. ఉతికాక బట్ట ఎంత కుంచించుకుపోతుందో చూడటానికి అవి పనికొస్తాయి.