ఆధార్ జిరాక్స్ ఇమ్మన్నప్పుడు ఏం చేయాలి?

లాడ్జీలో గది దిగాలన్నా, ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా ముందు అడిగేది ఆధార్ జిరాక్సే. ఇచ్చేస్తాం. ఆ తర్వాత అది ఎవరి బీరువాలో ఉందో, ఎవరి ఫోన్లో ఫొటోగా తిరుగుతోందో మనకు తెలియదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరుతో నకిలీ ముద్రలు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. భూమి రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు ఇందులో చేసిన తప్పేమీ లేదు. వేలిముద్ర అడిగింది ఆఫీసు, దాన్ని బయటపెట్టిందీ ఆఫీసే.

అందుకే ముందు అడగండి: "ఓటరు కార్డు గానీ, డ్రైవింగ్ లైసెన్సు గానీ సరిపోతుందా?" చాలాచోట్ల సరిపోతుంది. ఆధారే కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అన్న గడిలో టిక్ పెట్టాలి. మొదటి 8 అంకెలు కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఫైల్ పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. కాపీ మీద ఎందుకిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాయండి. జిరాక్సులు ఎవరికిపడితే వాళ్లకు ఇవ్వొద్దని 2022 మేలో ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ బెంగళూరు కార్యాలయమే ఒక ప్రకటన ఇచ్చింది. రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది! సలహా మాత్రం మంచిదే.

అదే పోర్టల్‌లో అథెంటికేషన్ హిస్టరీ చూడండి. గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఏ సంస్థ ఎప్పుడు వాడిందో తెలుస్తుంది.

అసలైన పని అదే పోర్టల్‌లో ఉండే బయోమెట్రిక్ లాక్. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో పిన్ను, ఓటీపీ అడగకుండా వేలిముద్రతోనే ఖాతాలోంచి డబ్బు వచ్చేస్తుంది. లాక్ చేస్తే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం ఎక్కడా పనిచేయవు. అవసరమైనప్పుడు మీరే కాసేపు తెరుచుకోవచ్చు.

ఇంట్లో పింఛను, రేషన్ వేలిముద్రతో తీసుకునే పెద్దవాళ్లుంటే తొందరపడి వాళ్లది లాక్ చేయకండి. తెరవాలంటే ఆధార్‌కు జతచేసిన ఫోనుకు ఓటీపీ రావాలి, ఆ ఫోను సాధారణంగా పట్నంలో ఉన్న కొడుకు దగ్గరుంటుంది.

కంపెనీలను మన సమాచారం తీసేయమని అడిగే హక్కు 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంతవరకు తాళం మన చేతుల్లోనే.

హిస్టరీలో తెలియని వాడకం కనబడితే తేదీ, సంస్థ పేరు రాసుకుని ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి. డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, వెంటనే బ్యాంకుకు చెప్పండి. మెసేజ్‌లు చెరిపేయకండి.