కారు వాటర్ పంపు మార్చడం: జాడ కనిపెట్టడం నుంచి గాలి తీసేవరకు

వాటర్ పంపు ఉన్నట్టుండి ఆగిపోవడం అరుదు. చాలా సందర్భాల్లో అది వారాల ముందే తన సంగతి తెలియజేస్తుంది, కాకపోతే ఆ జాడ బానెట్ ఎత్తగానే కంటపడే చోట ఉండదు. పంపు ఇరుసుకు ఒక చివర బెల్టు తిప్పే పుల్లీ, రెండో చివర ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ను నెట్టే రెక్కల చక్రం ఉంటాయి. వాటి మధ్య బేరింగు, ఆ బేరింగులోకి కూలెంట్ చేరకుండా అడ్డుకునే సీలు ఉంటాయి. సీలు అరిగినప్పుడు కారే ద్రవం బేరింగు జోలికి పోకుండా బయటపడడానికి పంపు అడుగున ఒక చిన్న రంధ్రం పెడతారు. ఆ రంధ్రం కింద ఆకుపచ్చగానో, ఎర్రగానో, ఎండి తెల్లటి ఉప్పులా పేరుకునో ఒక చార కనిపిస్తే సీలు పని అయిపోయినట్టే. కొందరు ఆ రంధ్రాన్ని లప్పంతో మూయించి కారడం ఆగిందని సంతోషిస్తారు. బయటికి పోవలసిన కూలెంట్ అప్పుడు బేరింగులోకి వెళ్లి గ్రీజును కడిగేస్తుంది, ఆ తర్వాత పుల్లీ ఊగిపోయి దారిలో బెల్టు ఊడడానికి ఎంతో కాలం పట్టదు.

అలాగని ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ తప్పు పంపుదే కాదు. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే సర్దుకునే కారులో ముందు రేడియేటర్ ఫ్యాను, దాని ఫ్యూజు, రిలే చూడాలి. వేగం, బరువు పెరిగేకొద్దీ వేడెక్కే కారులో రేడియేటర్ పూడిపోయి ఉండవచ్చు, లేదా పంపు రెక్కలు తుప్పుకు కరిగిపోయి ఉండవచ్చు. రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఆయిల్ మూత లోపల పాల మీగడలాంటి జిగురు కనిపించినా, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ విడవకుండా వస్తున్నా ఇంజన్ దిమ్మకూ (బ్లాకు) దాని పైభాగానికీ మధ్య కారకుండా ఆపే పొరను, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి, అప్పుడు పంపు మార్చడం డబ్బు దండగ. పంపును పరీక్షించడానికి ఇంజన్ ఆపి, చల్లబడ్డాక పుల్లీని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. చేతికి కదలిక తెలిసిందంటే బేరింగు పోయినట్టే.

ఇంకొక మాట. చాలా చిన్న కార్లలో ఉష్ణోగ్రత చూపే ముల్లు లేదు, ఎర్ర దీపం మాత్రమే ఉంది. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సార్ ద్రవంలో కాక గాలిలో మిగిలిపోతుంది కనుక ఇంజన్ మాడుతున్నా ఆ దీపం సమయానికి వెలగకపోవచ్చు. అందుకే దీపాన్ని నమ్ముకోవడం కన్నా వారానికొకసారి కూలెంట్ రిజర్వ్ సీసాలో మట్టం చూసుకోవడం మేలు.

పనికి దిగేముందు మీ ఇంజన్‌లో పంపును ఏ బెల్టు తిప్పుతుందో తెలుసుకోవాలి. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్ వంటి కార్లలో వచ్చిన మారుతి సుజుకి కె-సిరీస్ పెట్రోల్ ఇంజన్లలో టైమింగుకు, అంటే వాల్వులు పిస్టన్లతో వరస తప్పకుండా తెరుచుకుని మూసుకోవడానికి, చైను ఉంటుంది, పంపును మాత్రం ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్టే తిప్పుతుంది. ఓపిక, సరైన పనిముట్లు ఉన్నవారు ఇంటి దగ్గర చేసుకోగలిగింది ఈ రకమే, ఇక్కడ చెప్పేదీ దాని గురించే. డస్టర్ 1.5 డీజిల్ వంటి ఇంజన్లలో పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంది. ఆ బెల్టు ఒక్క పన్ను తప్పినా టైమింగ్ చెడుతుంది, ఇంకా ఎక్కువ తప్పితే పిస్టన్లు వాల్వులను తాకి ఇంజనే పాడవుతుంది. అటువంటి పని అనుభవమున్న షెడ్డుకే వదిలేయాలి. అక్కడ కూడా టైమింగ్ బెల్టు మార్చే సమయంలోనే పంపునూ మార్పించుకుంటే అదే కూలీతో రెండు పనులూ అయిపోతాయి.

కొత్త పంపుతో పాటు దాని ప్యాకింగు (పంపుకూ బ్లాకుకూ మధ్య కారకుండా ఆపే పొర), బెల్టు, కారు కంపెనీ చెప్పిన రకం కూలెంట్ ముందే తెచ్చిపెట్టుకోవాలి. సాకెట్ సెట్టు, బిగువు కొలిచే టార్క్ రెంచి, ప్లాస్టిక్ గీకుడు పలక, వెడల్పాటి తొట్టి, కారు కిందికి వెళ్లవలసి వస్తే గట్టి స్టాండ్లు కావాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. పాత పంపు ఊడదీశాక దాన్ని కొత్తదాని పక్కన పెట్టి బోల్టు రంధ్రాల వరస, రెక్కల ఎత్తు, అవి వంగిన దిశ సరిపోల్చడం తప్పనిసరి. పెట్టె మీద నంబరు ఒకటై లోపల సరుకు వేరైన సందర్భాలు విడిభాగాల బజారులో కొత్తేమీ కాదు.

ఇంజన్ పూర్తిగా చల్లబడాలి, రాత్రంతా వదిలేసి పొద్దున్నే మొదలుపెడితే ఇంకా మంచిది. రేడియేటర్ మూత సుమారు 0.9 బార్ ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుంది, ఆ ఒత్తిడి వల్ల సాదా నీరు సైతం దాదాపు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలి ద్రవం అక్కడికక్కడే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. తడిగుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలుననే ధీమా పనికిరాదు.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి కూలెంట్‌ను తొట్టిలోకి వదలాలి. ప్లగ్గు ప్లాస్టిక్‌ది అయితే వయసు మీద పెళుసెక్కి ఉంటుంది కనుక మొండికేసినప్పుడు బలం ఉపయోగించకుండా కింది హోస్ పైపు తీసేయడం సురక్షితం. ఇప్పుడు బెల్టు వదులు చేయాలనిపిస్తుంది గాని, దానికంటే ముందు పంపు పుల్లీ బోల్టులను ఒక్కో మలుపు వదులు చేయాలి. బెల్టు బిగువుగా ఉన్నంతసేపు అదే పుల్లీని తిరగకుండా పట్టుకుంటుంది. బెల్టు తీశాక బోల్టుతో పాటు పుల్లీ కూడా తిరుగుతూ సహనాన్ని పరీక్షిస్తుంది. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళుతుందో ఫోన్‌తో ఫోటో తీసుకుని, ఆ తర్వాత ఆల్టర్నేటర్ సర్దుబాటు బోల్టును గాని, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌ను గాని వదులు చేసి బెల్టు, పుల్లీ తీయాలి.

పంపు బోల్టుల పొడవులు అన్నీ ఒకటే కాకపోవచ్చు. ఒక అట్టముక్క మీద పంపు ఆకారం గీసి, తీసిన బోల్టును తీసినట్టే ఆ స్థానంలో గుచ్చిపెట్టడం షెడ్డుల్లో పాత అలవాటు, దాన్ని మించిన పద్ధతి లేదు. పొడవాటి బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే అది అడుగుకు తగిలి ఆగిపోతుంది. పంపు బిగియకపోయినా బిగిసిందని మనం అనుకుంటాం, లేదా అల్యూమినియం బ్లాకు పగులుతుంది. బోల్టులన్నీ తీశాక పంపు అతుక్కుపోయి ఉంటే చెక్క సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టాలి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి తన్నితే బ్లాకు ముఖం మీద గాటు పడుతుంది, ఆ గాటులోంచి కొత్త ప్యాకింగు ఉన్నా కారుతుంది. పంపు ఊడేటప్పుడు బ్లాకులో మిగిలిన కూలెంట్ ఒక్కసారిగా దూకుతుంది కాబట్టి తొట్టి అక్కడే ఉండాలి.

పని నిలిచేదీ చెడేదీ ఇక్కడే. బ్లాకు ముఖం మీద పాత ప్యాకింగు ముక్క గోరుకు తగిలేంత కూడా మిగలకూడదు. రంధ్రంలో గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ పలకతో ఓపికగా గీకి, చివర వేలి కొసతో చుట్టూ తడిమి చూడాలి, కంటికి కనిపించని మిట్ట వేలికి దొరుకుతుంది. ఉప్పుకాగితం, గ్రైండరు వాడితే ముఖం పల్లమవుతుంది, రాలిన పొడి కూలెంట్‌లో కలిసి కొత్త సీలునే కోస్తుంది. పాత పంపు రెక్కలు తుప్పుపట్టి మొద్దుబారి ఉంటే, లోపల బురద రంగు పేరుకుని ఉంటే ఏళ్లుగా బోరు నీళ్లు పోసిన ఫలితం అది. అలాంటప్పుడు కొత్త పంపు పెట్టేముందు రేడియేటర్‌ను కూడా కడిగించాలి.

ప్యాకింగు కాగితానిదో లోహానిదో అయితే మాన్యువల్ చెప్పకుండా దానికి జిగురు పూయనక్కరలేదు. రబ్బరు రింగు అయితే కూలెంట్‌తో తడిపి కూర్చోబెట్టాలి, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు ఆ రబ్బరును ఉబ్బిస్తాయి. సీలెంట్ మాత్రమే వాడమని ఉన్న ఇంజన్లలో సన్నని తీగలా ఒకే చుట్టు వేస్తే చాలు. ఎక్కువ వేస్తే లోపలికి పిండుకుని, తెగిన ముక్కలు రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడతాయి. బోల్టులన్నిటినీ మొదట చేత్తోనే ఎక్కించి, ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించాలి. సాధారణంగా 6 మి.మీ. బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల వరకు బిగువు ఉంటుంది, మీ ఇంజన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. బెల్టును అరవకుండా ఉండాలని అతిగా బిగిస్తే కొత్త బేరింగు కూడా త్వరగానే పోతుంది.

కూలెంట్ గాఢమైనదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, ముందే కలిపి అమ్మేదైతే నీరు కలపకూడదు. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపడం మంచిది కాదు, రంగు కంపెనీ ఇష్టం, రసాయనం వేరు. సీలెంట్ వాడి ఉంటే అది ఆరే సమయం ఇచ్చాకే నింపాలి. హీటర్ మీటను పూర్తి వేడి వైపు తిప్పి, కారు ముక్కు కాస్త ఎత్తుగా ఉంచి, సన్నధారగా పోస్తూ మధ్య మధ్య పై హోసును పిసకాలి. రేడియేటర్ మూత తీసి ఉంచి, ఇంజన్‌ను చల్లటి స్థితిలో స్టార్టు చేసి ఐడిలింగ్‌లో వదిలితే బుడగలు పైకి వస్తాయి, మట్టం పడిపోతుంది, మళ్లీ పోయాలి. ఇంజన్ వేడెక్కేవరకు కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని వాల్వు, అంటే థర్మోస్టాట్, 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకున్నాక మట్టం ఇంకొకసారి దిగుతుంది. బుడగలు ఆగాక, ద్రవం పొంగే లోపే మూత పెట్టి, ఫ్యాను రెండు సార్లు తిరిగి ఆగేవరకు చూడాలి. లోపల హీటర్ వేడిగాలి ఇవ్వాలి, పై హోసు, కింది హోసు రెండూ వేడెక్కాలి. హీటర్ చల్లగానే ఉంటే లోపల ఇంకా గాలి ఉంది.

ఈ దశలోనే ఎవరో ఒకరు మన ఎండలకు థర్మోస్టాట్ అనవసరమని, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని సలహా ఇస్తారు. వినకూడదు. కంప్యూటర్ నడిపే ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది, మైలేజీ పడిపోతుంది.

తొట్టిలోని పాత కూలెంట్‌ను ఆలస్యం చేయకుండా మూత ఉన్న డబ్బాలోకి వంపేయాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్క కొద్దిగా నాకినా ప్రాణం పోయే విషం అది. కాలువలో పోయకుండా పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకు ఇవ్వడం సరైన పని.

మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సీసాలో మట్టం చూసి, తగ్గినంత పోయాలి. ఒకసారి తగ్గడం సహజం, మిగిలిన గాలి బయటపడి ఉంటుంది. కొత్త సీలు కుదురుకునేవరకు అడుగు రంధ్రం దగ్గర ఒకటి రెండు చుక్కలు కూడా కనిపించవచ్చు. వారం తర్వాత కూడా అక్కడ తడి ఉన్నా, మట్టం దిగుతూనే ఉన్నా సీలు, ప్యాకింగు, హోస్ క్లిప్పులు ఈ మూడింటినీ ఆ వరసలోనే తనిఖీ చేయాలి.