ఉప్పుగాలి ఇంట్లో అలంకరణ: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

విశాఖ పెదవాల్తేరులో ఉన్నప్పుడు ఒక అర్ధరాత్రి హాల్లో మా పెళ్లి ఫోటో ధన్‌మని కిందపడింది. లేచి చూస్తే గోడకు మేకు మేకులాగే ఉంది. ఫ్రేము వెనక కట్టిన సన్న ఇనప తీగని రెండేళ్లలో తుప్పు తినేసింది. ఆ తర్వాత మూడు అద్దె ఇళ్లు మారాం. ఎంవీపీ కాలనీలో ఒకటి, మధురవాడలో ఒకటి, ఇప్పుడు సీతమ్మధారలో. విశాఖలో ఇంటి అలంకరణ చెడేది డబ్బు చాలక కాదని ఈ తిరుగుళ్లలో అర్థమైంది. సముద్రాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే అసలు తప్పు. ఎక్కడో పొడి ఊళ్లో తీసిన వీడియో చూసి కొన్నది ఇక్కడ మొదటి వానాకాలం దాటదు.

అందుకే ముందు కనిపించే చిక్కు, తర్వాత దాని మూలం, ఆ పైన నేను చేసి చూసిన మందు. బీచ్ రోడ్డుకి ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ పట్టించుకోండి. సముద్రానికి దూరంగా పెందుర్తి వైపు ఉండేవాళ్లు తుప్పు సంగతి కొంచెం తేలిగ్గా తీసుకున్నా ఫరవాలేదు.

హుక్కులు, తీగలు, కర్టెన్ రాడ్లు తుప్పు పట్టేస్తున్నాయి

అలల మీంచి లేచిన ఉప్పు తుంపర గాలితో వచ్చి వస్తువుల మీద పొరలా పేరుకుంటుంది. ఉప్పుకి తేమని లాక్కునే గుణం ఉంది కదా. వంటింట్లో ఉప్పు డబ్బా శ్రావణంలో చెమ్మగిల్లినట్టే ఆ పొర కూడా తడితడిగా ఉంటుంది. అంటే మన ఇనప హుక్కు వాన పడని రోజు కూడా తడిలో ఉన్నట్టే. చవక హుక్కుల మీది మెరుపు పూత సన్నగా ఉంటుంది, దాని మీద ఒక్క గీత పడితే పని అయిపోయినట్టే.

ఫ్రేముల వెనక తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. ఫిషింగ్ హార్బర్ వైపు వలలు, తాళ్లు అమ్మే కొట్లలో దొరికేది ఇంట్లో ఫోటోలకు మూడు తరాలు సరిపోతుంది. గోడ హుక్కులకు ఇత్తడివి మేలు. స్టీలే కావాలంటే ఇంటి లోపలికి 304 రకం చాలు. బాల్కనీలో ఉప్పుగాలికి నిలిచేది 316 రకం, అందులో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది, ధరా ఎక్కువే. అలంకరణకి అంత ఖర్చు దండగ. కర్టెన్ రాడ్డుగా అల్యూమినియం పైపు, లేదా నున్నగా చెక్కించి వార్నిష్ వేసిన వెదురు బొంగు పెట్టండి. వెదురే అందంగా ఉంటుంది కూడా.

ఇప్పటికే తుప్పెక్కిన కిటికీ గ్రిల్లుని గరుకు కాగితంతో రుద్ది, మంచినీళ్ల గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ రంగు రెండు కోట్లు వేయండి. మధ్యలో తుడవడం చాలామంది వదిలేస్తారు. ఉప్పు లోపలే ఉండిపోతే పైన ఎంత రంగేసినా ఆర్నెల్లకి మళ్లీ పొక్కుతుంది.

గోడ రంగు పొంగి పెచ్చులూడుతోంది. అతికించిన వాల్‌పేపర్ వెనక నల్ల మచ్చలు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, నేనూ పోగొట్టుకున్నాను. ఎంవీపీ ఇంట్లో బెడ్‌రూమ్ గోడ అడుగున పెచ్చులు కనిపిస్తుంటే, దాచేద్దామని ఇటుకల బొమ్మ ఉన్న స్టిక్కర్ వాల్‌పేపర్ తెచ్చి అతికించాను. నెల తిరక్కుండా మూలలు లేచాయి. పీకితే వెనకంతా బూజు, గది నిండా ముక్కిన వాసన. చూడ్డానికొచ్చిన పెయింటర్ నవ్వాడు. "ఏటమ్మా, తడి గోడకి దుప్పటి కప్పితే ఆరిపోద్దేటి?" అన్నాడు. ప్లాస్టిక్ కాగితం లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు. చీకటి, తడి, అతికించే జిగురు. బూజుకి ఇంకేం కావాలి?

ముందు చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చాలి. దానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. అడుగు చదరం పాలిథిన్ ముక్కని గోడకి పెట్టి నాలుగు అంచులూ టేపుతో మూసేసి రెండు రోజులు వదిలేయండి. పాలిథిన్‌కి గోడ వైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచే వస్తోంది. అవతల బాత్రూమో, పగిలిన పైపో, పైకప్పో, నేలలోంచి పైకి పాకే చెమ్మో అయ్యుంటుంది. గది వైపు తడి కనిపిస్తే గాలిలోని ఆవిరే చల్లటి గోడ మీద నిలుస్తోందన్నమాట.

మొదటిదైతే అలంకరణ ఆపండి. అది ఇంటి ఓనరుతో మాట్లాడాల్సిన సంగతి, ఆ పాలిథిన్‌ని ఫోటో తీసి చూపిస్తే మాట తేలిగ్గా సాగుతుంది. లీకు మాన్పించాక కూడా గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఆ గోడ మీద తెల్లటి పొడిలా చవుడు పడితే పొడి బ్రష్షుతోనే దులపండి, నీళ్లతో కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, ఆరాక మళ్లీ బయటికొస్తుంది. మూడు నాలుగు సార్లు దులిపాక తగ్గుముఖం పడుతుంది. అప్పుడు కూడా ఆ గోడకి ప్లాస్టిక్ రంగుల జోలికి పోకండి. వెల్ల వేయించండి. సున్నం పూత గోడని ఊపిరి తీసుకోనిస్తుంది, చవకా. సంక్రాంతికి ముందు వెల్ల వేయించడం మన పెద్దల అలవాటు. వానలు వెనక్కి తగ్గి గాలి పొడిబారే రోజులు ఇక్కడ అవే, ఆ లెక్కన రంగుల పనికి డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మంచి సమయం. అక్టోబరులో ఆఫరు వచ్చిందని రంగు వేయించకండి.

రెండోదైతే, అంటే గది గాలిదే తప్పయితే, మందు సులువు. బీరువా, మంచం గోడకి మూడు అంగుళాలు ఎడంగా జరపండి. మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చే వేళ ఎదురెదురు కిటికీలు తెరవండి. నల్ల మచ్చల్ని బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడిచి ఆరబెట్టండి. ఆ బ్లీచింగ్‌ని బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇక గోడ వికారాన్ని కప్పాలనే ఉంటే, అంటించకుండా కప్పండి. పైన ఒక వెదురు బొంగు పెట్టి పాత పోచంపల్లి చీరనో, కలంకారీ దుప్పటినో గోడకి రెండు అంగుళాలు ఎడంగా వేలాడదీయండి. వెనక గాలి ఆడుతుంది, వారానికోసారి తీసి ఎండలో వేయొచ్చు, ఇల్లు మారితే చుట్టి పట్టుకుపోవచ్చు. ఫోటో ఫ్రేములకూ ఇదే సూత్రం. వెనక నాలుగు మూలలా సీసా బిరడా ముక్కలో, రబ్బరు ముక్కలో అంటిస్తే ఫ్రేముకీ గోడకీ మధ్య గాలి ఆడుతుంది. ఫోటోని అద్దానికి నేరుగా ఆనించొద్దు. మధ్యలో మౌంట్ బోర్డు, అంటే ఫోటో చుట్టూ మందపాటి అట్ట, పెట్టించకపోతే చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది. మా అమ్మమ్మ ఫోటో ఒకటి అలా ముఖం సగం అద్దానికే ఉండిపోయింది.

మేకు దిగడం లేదు, అంటించిన హుక్కు రాలిపోతోంది

మేకు వంగిపోతే అది కాంక్రీటు స్తంభమో, దూలమో. తప్పు మీ చేతిది కాదు. ఒక అడుగు పక్కకి జరిగితే ఇటుక గోడ దొరుకుతుంది. కాంక్రీటు మీదే కావాలంటే హేమర్ డ్రిల్, ఆరు మిల్లీమీటర్ల బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా మాత్రం కన్నం వేయొద్దు, తీగలు నడిచేది ఆ దారినే.

జిగురు హుక్కులు రాలిపోయేది ఎక్కువగా వాటి లోపం వల్ల కాదు. అరచేత్తో గోడని రుద్దండి. తెల్ల పొడి అంటితే అది సున్నమో, చవక డిస్టెంపరో. హుక్కు పట్టుకున్నది ఆ పొడిని, గోడని కాదు. అలాంటి గోడకి జిగురు వద్దు. నున్నటి ఎనామిల్, టైల్స్, చెక్క తలుపు, అద్దం అయితే స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అరనిమిషం గట్టిగా నొక్కి, గంట ఆగి బరువు తగిలించండి. నీళ్లతో, సబ్బుతో తుడిచి వెంటనే అంటిస్తే నిలవదు.

అన్నీ కొన్నా ఇల్లు ఆస్పత్రి వార్డులా ఉంది

తల పైకెత్తి చూడండి. గది మధ్యలో ఒకే ట్యూబ్‌లైటు, నీలం పులిమిన తెల్ల వెలుగు. బల్బు డబ్బా మీద వెలుగు రంగు కొలత 6500 కెల్విన్ అని ఉంటే అదే. చదువుకోవడానికి, కూరలు తరగడానికి మంచిదే గానీ సాయంత్రం హాల్లో కూర్చోవడానికి కాదు. డబ్బా మీద 2700 లేదా 3000 అని, లేదా వార్మ్ వైట్ అని ఉన్న చిన్న ఎల్ఈడీ బల్బులు రెండు తెచ్చి, ఒకటి మూలన నేల మీది దీపంలో, ఒకటి సోఫా పక్కన పెట్టండి. ట్యూబ్‌లైటు ఆపేసి చూడండి. నా లెక్కలో ఇంటి రూపు ఇంత తక్కువ ఖర్చుతో మార్చేది ఇంకేదీ లేదు. దీపానికి తొడుగుగా వెదురు బుట్ట బోర్లించినా చాలు. పూర్ణా మార్కెట్లో బుట్టలు అమ్మేవాళ్ల దగ్గర సన్న అల్లిక ఉన్నది ఏరుకోండి. రాత్రి గోడ మీద దాని నీడలు చూస్తే ఇంకో బొమ్మ తగిలించాలని అనిపించదు.

కర్టెన్లు వెలిసిపోతున్నాయి, గాలికి ఎగిరి సామాన్లు పడేస్తున్నాయి

మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది. సముద్రం వైపు కిటికీలకి పొద్దుటి ఎండ సూటిగా తగులుతుంది, రంగు గుడ్డ వెలవక ఏమవుతుంది? పాత తెల్ల పంచెని కర్టెన్ వెనక అస్తరుగా కుట్టించండి. ఎండ దెబ్బ పంచె తింటుంది. ఎగరకుండా కింది మడతలో పాత నాణేలు కుట్టేయండి. రాడ్డుని కిటికీ చట్రం మీద కాకుండా పైకప్పుకి దగ్గరగా బిగించి, గుడ్డ నేల దాకా దిగేలా కుట్టిస్తే పొట్టి గది కూడా ఎత్తుగా కనిపిస్తుంది.

తెచ్చిన గవ్వలు కంపు కొడుతున్నాయి

లోపల జీవి ఉండిపోయింది. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఐదు నిమిషాలు మరిగించి, ఎండబెట్టండి. వెనిగర్ వద్దు, గవ్వ సున్నపురాయి జాతిది, కరుగుతుంది. బీచ్‌లో అమ్మే పెద్ద పెద్ద శంఖు జాతులు కొన్నిటికి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, వాటి జోలికి పోవద్దు. అలాగే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి కుండీలకీ, గోడ బొమ్మలకీ మట్టి తెచ్చుకోవడం నేరం, పైగా పాపం.

బాల్కనీ మొక్కల ఆకు కొసలు మాడిపోతున్నాయి

నీళ్లు చాలక అనుకుని ఇంకా పోస్తాం, వేరు కుళ్లుతుంది. అసలు పని ఉప్పుది. వారానికి రెండుసార్లు ఆకుల్ని మంచినీళ్లతో కడగండి. గాలి నేరుగా తగిలే చోట బిళ్లగన్నేరు, కాగితం పూలు, ఎడారి గులాబీ పెట్టండి. ఇవి మొండివి. మనీప్లాంటు ఇంటి లోపలికి. సీసా నీళ్లలో పెంచితే వారానికోసారైనా నీళ్లు మార్చాలి, లేదంటే అది దోమల తొట్టి.

బాల్కనీలో వేలాడేదేదైనా నిమిషంలో విప్పేలా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. తుఫాను హెచ్చరిక వస్తే వేలాడే కుండీయే పక్కింటి అద్దాన్ని పగలగొడుతుంది.

ముగ్గు నిలవడం లేదు

ఫ్లాటు గుమ్మం టైల్స్ మీద పొడి ముగ్గు గాలికే పోతుంది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పల్చగా కలిపి గుడ్డముక్కతో పెట్టండి, ఆరాక రెండు రోజులుంటుంది. చీమలు వస్తాయి. రానివ్వండి.

ఎంత సర్దినా ఎవరి ఇల్లో అనిపిస్తోంది

అన్నీ ఒకే రోజు, ఒకే కొట్లో కొనడం దీనికి మూలం. సరుకు మంచిదే అయినా అందులో మనం ఉండం. కొనడం ఆపి అటక దించండి. తాతగారి పొందూరు ఖద్దరు కండువా, పెళ్లి శుభలేఖ, పిల్లాడు మొదటిసారి దిద్దిన పలక, ఏదైనా ఫ్రేములో పెట్టదగ్గదే. తగిలించే ముందు ఫ్రేముల సైజుకి వార్తాపత్రిక కాగితాలు కత్తిరించి నేల మీద పరిచి అమరిక చూసుకోండి, తర్వాత ఆ కాగితాలనే గోడకి టేపుతో అంటించి మేకు చోటు గుర్తుపెట్టండి. నిలబడి చూసే చోట ఫోటో మధ్యభాగం నేలకి నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంటే బాగుంటుంది. సోఫాలో కూర్చుని చూసే గోడకైతే ఇంకొంచెం కిందికి. మన ఇళ్లలో దేవుడి పటాల అలవాటు కొద్దీ అన్నీ పైకప్పు కింద కట్టేస్తాం, మెడ నొప్పి తప్ప ఏం కనపడదు.

పిల్లల ఎత్తు గీతలు అద్దె గోడ మీద గీయకండి, ఇల్లు మారితే అక్కడే ఉండిపోతాయి. ఆరడుగుల చెక్క పట్టీ మీద గీసి గోడకి ఆనించి ఉంచండి. మాది మూడు ఇళ్లు తిరిగింది.

కొత్తగా ఒక్కటి కొనాలంటే ఏటికొప్పాక దాకా వెళ్లి కొనండి. వరాహ నది ఒడ్డు ఊరు, విశాఖ నుంచి పూటలో వెళ్లి రావచ్చు. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కని అద్దుతుంటే రాపిడి వేడికి అది కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆ పని కళ్లారా చూసి తెచ్చిన బొమ్మ షెల్ఫులో ఒక్కటున్నా వచ్చినవాళ్లు దాని గురించే అడుగుతారు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడికి మెత్తబడే లక్క కాబట్టి కిటికీ అంచున ఎండలో పెట్టొద్దు, రంగూ వెలుస్తుంది. దుమ్ము పడితే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, తడిగుడ్డ వద్దు.